బిగుసుకుపోయే బ్రౌజరు, పిలవని పాపప్‌లు

బ్రౌజరు బిగుసుకుపోవడం, అడగని ప్రకటనలు తెర మీదికి దూకడం చాలాసార్లు జంటగానే వస్తాయి. అందుకే రెండింటినీ కలిపి ‘వైరస్ వచ్చింది’ అనేయడం అలవాటైపోయింది. నిజానికి ఇవి రెండు వేర్వేరు తెగుళ్లు. మొదటిదానిలో ఏదో ఒక పేజీయో, బ్రౌజరుకు అదనంగా తగిలించుకున్న ఎక్స్‌టెన్షనో కంప్యూటరు ర్యామ్‌ను, ప్రాసెసరును పట్టుకుని వదలదు. రెండోదానిలో ఎక్కువగా జరిగేది, ఎవరో ఎప్పుడో ‘అలౌ’ నొక్కి ఇచ్చిన అనుమతి ఇంకా చెల్లుబాటులో ఉండటం. ఆ పేజీ ఏదో, ఆ అనుమతి ఎక్కడుందో వెతికి పట్టుకుంటే పని అక్కడితో అయిపోతుంది. వెతకకుండా ఫార్మాట్ కొట్టించడమే ఊళ్లలో మొదటి వైద్యంగా చలామణీ అవుతోంది. గుంటలో నాలుగు రొయ్యలు తేలాయని ఏ రైతూ గుంట మొత్తం ఖాళీ చేయడు. ముందు మేత చూసుకునే చెక్ ట్రే ఎత్తి చూస్తాడు, నీళ్లు పరీక్ష చేయిస్తాడు. కంప్యూటరు దగ్గరికొచ్చేసరికి ఆ ఓపిక ఎందుకో ఉండదు.

నెల్లూరు తీరాన అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు లాంటి మండలాల్లో నెట్ సెంటర్ కంప్యూటరుకు తీరిక ఉండదు. మీభూమిలో అడంగల్, 1బి తీయడం, విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం పరీక్ష ఫీజు కట్టడం, హాల్‌టికెట్ ప్రింటు, పాన్ కార్డు దరఖాస్తు, రైలు టికెట్టు, మధ్యలో రొయ్యల కౌంట్ ధర ఎంత పలుకుతోందో చూడటం, తుపాను రోజుల్లో వాతావరణ శాఖ మ్యాపులు... అన్నీ ఒక్క బ్రౌజరు మీదే. నలుగురి చేతులు పడే యంత్రం కాబట్టి ఏ అనుమతి ఎవరిచ్చారో చెప్పేవాళ్లుండరు. ఇళ్లలో కొంత నయమే గానీ, రోజూ పిల్లల చేతికి వెళ్లొచ్చే ఫోను సంగతీ ఇంతే.

హ్యాంగ్ అయింది ఏది?

ముందు తేల్చుకోవలసింది బిగుసుకున్నది బ్రౌజరా, నెట్టా, అవతలి సైటా అని. ట్యాబ్ మీద చిన్న చక్రం తిరుగుతూ పేజీ తెల్లగా ఉండిపోయినా, పక్క ట్యాబులో ముందే తెరిచి ఉంచిన పేజీ పైకీ కిందికీ కదులుతుంటే బ్రౌజరు బాగానే ఉన్నట్టు. నెట్ రావడం లేదు, లేదా అవతలి సర్వరు జవాబివ్వడం లేదు. ఇంటర్ ఫలితాలు వదిలిన గంటలో జరిగేది ఇదే. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూడటానికి పేర్ల నమోదు మొదలుపెట్టగానే అందరూ ఒక్కసారిగా ఎగబడినా ఇదే జరుగుతుంది. అప్పుడు రిఫ్రెష్ మీద రిఫ్రెష్ కొట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఫీజు కట్టే పేజీలో అయితే డబ్బు రెండుసార్లు పోయే ప్రమాదం కూడా ఉంది.

పేజీ కదలదు, ట్యాబ్ మూసే ఇంటూ గుర్తు నొక్కినా పలకదు, పైన ‘నాట్ రెస్పాండింగ్’ అని పడుతుంది, కానీ కింద స్టార్ట్ నొక్కితే మెనూ మామూలుగానే తెరుచుకుంటుంది. ఇది బ్రౌజరు జబ్బు. స్టార్ట్ మెనూ కూడా కదలకపోతే కంప్యూటరే బిగుసుకుంది. బ్రౌజరును తిట్టి లాభం లేదు.

బ్రౌజరే అని తేలాక క్రోమ్‌లోనూ ఎడ్జ్‌లోనూ షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కాలి. బ్రౌజరుకు సొంతంగా ఉండే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఏళ్ల తరబడి క్రోమ్ వాడుతున్నవాళ్లలో కూడా దీన్ని ఒక్కసారీ చూడనివాళ్లే ఎక్కువ. 2008 సెప్టెంబరులో క్రోమ్ వచ్చినప్పుడు గూగుల్ తెచ్చిన ముఖ్యమైన మార్పు ట్యాబులను విడివిడి ప్రాసెస్‌లుగా నడపడం. ఒకటి కూలినా మిగతావి నిలబడాలని ఆ ఏర్పాటు. దానివల్లే ఇక్కడ ట్యాబులకూ, ఎక్స్‌టెన్షన్‌లకూ వేర్వేరు వరుసలు కనిపిస్తాయి. ఎదురుగా ఒక్కోటి ఎంత మెమరీ తింటోందో, ఎంత సీపీయూ వాడుకుంటోందో ఉంటుంది. సీపీయూ అన్న శీర్షిక మీద నొక్కితే ఎక్కువ తినేది పైకొస్తుంది. పేజీ తెరిచి ఊరికే చదువుతున్నప్పుడు ఆ అంకె సున్నాకు దగ్గరగా ఉండాలి. ఎవరూ ఏమీ చేయకుండానే ఎనభై, తొంభై చూపిస్తూ కిందికి దిగకపోతే దొంగ దొరికినట్టే. ఆ వరుసను ఎంచి ‘ఎండ్ ప్రాసెస్’ నొక్కితే ఆ ట్యాబు మాత్రమే పోతుంది, ఒక్కోసారి అదే సైటు తాలూకు ఇంకో రెండు మూడు ట్యాబులు దానితో పోతాయి. పక్కన వేరే సైటులో సగం నింపిన దరఖాస్తు మాత్రం చెక్కుచెదరదు. ఫైర్‌ఫాక్స్‌లో ఇలాంటిదే మెనూలో ‘మోర్ టూల్స్’ కింద దొరుకుతుంది.

అన్ని ట్యాబులూ మూసినా మందకొడితనం పోకపోతే అనుమానం ఎక్స్‌టెన్షన్‌ల మీదికి వెళ్లాలి. దీనికి సులువైన పరీక్ష ఇన్‌కాగ్నిటో విండో. ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్‌లు అందులో పనిచేయవు. అక్కడ హాయిగా నడిచే సైటు మామూలు విండోలో నత్తనడక నడుస్తుంటే ఎక్స్‌టెన్షన్‌లన్నీ ఆపేసి, ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూడాలి. ఒకప్పుడు మంచిదైన ఎక్స్‌టెన్షన్ ఎప్పటికీ మంచిగానే ఉంటుందన్న నమ్మకం లేదు. ‘ది గ్రేట్ సస్పెండర్’ అని ఒకటుండేది. వాడని ట్యాబులను నిద్రపుచ్చి మెమరీ మిగిల్చడం దాని పని, అంటే హ్యాంగ్ కాకుండా కాపాడటానికే పుట్టింది. 2020లో అది చేతులు మారింది. 2021 ఫిబ్రవరిలో అందులో హానికరమైన కోడ్ ఉందంటూ గూగుల్ దాన్ని వాడుతున్నవారి కంప్యూటర్లలో ఆపేసింది. ఇప్పుడు ట్యాబులను నిద్రపుచ్చే సౌకర్యం క్రోమ్‌లో మెమరీ సేవర్ పేరుతో, ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ పేరుతో ముందే ఉంది కాబట్టి, ఆ పనికి మరొకరి సాయం అక్కర్లేదు.

నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్లలో మెమరీ చాలనప్పుడు విండోస్ హార్డ్‌డిస్కును ఆసరా చేసుకుంటుంది. డిస్కు లైటు ఆగకుండా వెలుగుతూ, మౌసు బాణం తడబడుతూ కదలడం దాని గుర్తు. ఇక్కడ ఏ సెట్టింగూ పెద్దగా సాయపడదు. ర్యామ్ పెంచడం, హార్డ్‌డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ వేయించడమే మందు. తీరప్రాంతంలో ఇంకో సంగతి కూడా చూడాలి. ఉప్పుగాలి, తేమ, దుమ్ము కలిసి ఫ్యాన్ రెక్కల మీదా, ప్రాసెసరు పైన ఉండే హీట్‌సింక్ సందుల్లోనూ బంకలా పేరుకుంటాయి. వేడి పోయే దారి మూసుకుపోయాక ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పొద్దున బాగా నడిచి మధ్యాహ్నానికి మొరాయించే కంప్యూటరుకు సాఫ్ట్‌వేర్ వైద్యం చేయడం కన్నా ముందు మూత విప్పి బ్రష్‌తో దులపడం మంచిది.

పాత విండోస్ వేరే తలనొప్పి. విండోస్ 7, 8.1లకు క్రోమ్ 109తోనే కొత్త వెర్షన్లు ఆగిపోయాయి. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 వాటి మీద ఎక్కదు. విండోస్ 10కు కూడా మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొత్త సైట్లు కొత్త బ్రౌజరును దృష్టిలో పెట్టుకుని తయారవుతాయి కాబట్టి, పాత బ్రౌజరులో బటన్లు పనిచేయకపోవడం, పేజీ సగంలో ఆగిపోవడం మామూలే. మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోతే కరెంటు పోయొచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు ఏ బ్యాంకు సైటు తెరిచినా ‘కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అంటూ హెచ్చరిక పడుతుంది. తేదీ సరిచేసి, ఆ బ్యాటరీ మార్చిస్తే చాలు.

పాపప్‌లకు తలుపు తీసింది ఎవరు?

పాపప్ ప్రకటన 1990ల నడుమ అమెరికాలో పుట్టింది. ట్రైపాడ్ అనే సంస్థలో పనిచేసిన ఈథన్ జుకర్‌మన్ దానికి కోడ్ రాశారు. తమ ప్రకటన అశ్లీలమైన పేజీ మీద కనిపించిందని ఒక కార్ల కంపెనీ గగ్గోలు పెట్టడంతో, పేజీకి సంబంధం లేనట్టుగా ప్రకటనను వేరే విండోలో చూపించే ఉపాయం కనిపెట్టారు. 2014లో ఆయన అందుకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అప్పటికి జరగవలసింది జరిగిపోయింది. 2004 ఆగస్టులో విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్‌తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు పాపప్ బ్లాకర్ వచ్చింది. ఆనాటి నుంచి ఏ పెద్ద బ్రౌజరైనా పాపప్‌లను తనంతట తానే ఆపుతుంది. మరి ఇప్పటికీ ఎలా వస్తున్నాయి?

ఒక కారణం మన ప్రభుత్వ సైట్లలోనూ, ఫీజు కట్టే సైట్లలోనూ ఉంది. రసీదు, దరఖాస్తు నకలు, బ్యాంకు పేజీ వేరే విండోలో తెరుచుకునేలా చేసిన సైట్లు ఇంకా ఉన్నాయి. బ్లాకర్ వాటినీ ఆపుతుంది. డబ్బు కట్టి, రసీదు రాక, కౌంటరు అవతల జనం నిలబడి ఉన్నప్పుడు ఆపరేటరు చేసే పని ఒకటే: సెట్టింగ్స్‌లోకి వెళ్లి అన్ని సైట్లకూ పాపప్‌లు అనుమతించేస్తారు. రసీదు వస్తుంది. ఆ సెట్టింగ్ మాత్రం అలాగే ఉండిపోతుంది. తప్పు ఆపరేటరు మీద కన్నా అలాంటి సైటు కట్టినవాళ్ల మీదే ఎక్కువ. దీనికి సరైన దారి దగ్గర్లోనే ఉంది. పాపప్ ఆగినప్పుడు అడ్రస్ బార్ కుడి చివర ఒక చిన్న గుర్తు పడుతుంది. దాన్ని నొక్కి ఆ ఒక్క సైటుకే ‘ఆల్వేస్ అలౌ’ ఇస్తే రసీదూ వస్తుంది, మిగతా లోకానికి తలుపు మూసే ఉంటుంది. ఇప్పటికే తెరిచేసి ఉంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో పాపప్స్ అండ్ రీడైరెక్ట్స్ దగ్గరికి వెళ్లి మళ్లీ మూయాలి.

అంతకన్నా పెద్ద కారణం నోటిఫికేషన్‌లు. తెర కుడి మూలన ‘మీ కంప్యూటరులో వైరస్’, ‘మీరు బహుమతి గెలిచారు’, ఇంకా చెప్పరాని బొమ్మలతో, బ్రౌజరులో ఏ సైటూ తెరవకుండానే వచ్చేవి దాదాపుగా ఇవే. 2015లో క్రోమ్ సైట్లకు పుష్ నోటిఫికేషన్ పంపే వీలు కల్పించింది. వార్తల సైట్లకు పనికొస్తుందన్న ఆ సదుపాయాన్ని ప్రకటనల ముఠాలు తొందరగానే పట్టుకున్నాయి. ‘వీడియో చూడాలంటే అలౌ నొక్కండి’, ‘రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి’ అని రాసిన పేజీలన్నీ ఆ ఎత్తే. రోబో కాదని నిరూపించడానికి నోటిఫికేషన్ అనుమతితో ఏ పనీ లేదు. విసుగు ముదిరాక 2020 జనవరిలో ఫైర్‌ఫాక్స్, ఫిబ్రవరిలో క్రోమ్ ఆ అభ్యర్థనలను కాస్త మరుగున పెట్టే ఏర్పాటు చేశాయి. ముందే ఇచ్చేసిన అనుమతులు మాత్రం పోలేదు.

ఈ రకం దొంగ తన పేరు తానే చెబుతాడు. నోటిఫికేషన్ డబ్బాలో పెద్ద అక్షరాల కింద సన్న అక్షరాల్లో పంపిన సైటు పేరుంటుంది. దాన్ని ఫొటో తీసుకుని, సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ తెరిస్తే అనుమతి పొందిన సైట్ల జాబితా కనిపిస్తుంది. అర్థంపర్థం లేని అక్షరాల కలగాపులగంగా ఉన్న పేర్లన్నిటినీ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి బ్లాక్ చేయాలి. నెట్ సెంటర్‌లోనైతే నోటిఫికేషన్‌లను మొత్తంగా ఆపేసినా పోయేదేమీ లేదు. ఆండ్రాయిడ్ ఫోనులో ఆ నోటిఫికేషన్‌నే వేలితో కాసేపు నొక్కిపట్టుకుంటే దాన్ని ఆపే దారి కనిపిస్తుంది.

ఈ అనుమతులు ఎక్కువగా కొట్టుకొచ్చేది పైరసీ సినిమా సైట్ల నుంచే. డౌన్‌లోడ్ అని రాసిన బటన్లు నాలుగుంటే మూడు ప్రకటనలవే. ఐబొమ్మ పేరు తెలుగువాళ్లకు కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. దాన్ని నడుపుతున్నారన్న ఆరోపణపై 2025 నవంబరులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒకరిని అరెస్టు చేశారు. సినిమా కోసం వచ్చినవారిని ఆ సైట్లు బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్లించేవని పోలీసులు చెప్పారు. ఉచితంగా సినిమా చూపించేవాళ్లకు డబ్బు ఆ దారిన వస్తుంది.

తెరంతా కమ్ముకునే పేజీ

హ్యాంగూ పాపప్పూ నిజంగానే ఒకటయ్యే సందర్భం ఒకటుంది. ఉన్నట్టుండి తెరంతా నీలంగానో ఎర్రగానో మారి, సైరన్ మోగుతూ, ‘కంప్యూటరు లాక్ అయింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని పడుతుంది. మనదేశంలో అయితే ప్రభుత్వ చిహ్నం, పోలీసు ముద్ర పెట్టి, చూడకూడనివి చూశారంటూ కార్డుతో జరిమానా కట్టమనే పేజీలు కూడా తిరిగాయి. కంప్యూటరేమీ లాక్ కాదు. అది ఫుల్ స్క్రీన్‌లో తెరుచుకున్న మామూలు వెబ్ పేజీ. ఒక డబ్బా మూస్తే ఇంకో డబ్బా తెరుచుకునేలానో, బ్రౌజరు హిస్టరీలో వేలకొద్దీ వరుసలు ఎక్కించి ఊపిరాడనివ్వకుండానో స్క్రిప్టు రాసి పెడతారు. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. నంబరు కనిపించిందంటే అది మోసమే.

బయటపడటానికి ఎస్కేప్ మీటను కాసేపు నొక్కిపట్టాలి. ఫుల్ స్క్రీన్ పోతే ట్యాబ్ మూసేయొచ్చు. లొంగకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి విండోస్ టాస్క్ మేనేజర్‌లో బ్రౌజరును ఎంచి ‘ఎండ్ టాస్క్’ కొట్టాలి. మళ్లీ తెరిచాక ‘పాత పేజీలు తిరిగి తెరవమంటారా’ అని అడుగుతుంది. అక్కడ ‘రీస్టోర్’ నొక్కితే ఆ దయ్యమే మళ్లీ ఎదురవుతుంది. ఇలాంటి పేజీలను గుర్తుపట్టి ఆపే స్కేర్‌వేర్ బ్లాకర్‌ను మైక్రోసాఫ్ట్ 2025లో ఎడ్జ్‌కు జోడించింది. ఈ మధ్య ఇంకో ఎత్తు వచ్చింది: రోబో కాదని నిరూపించడానికి విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, తర్వాత కంట్రోల్, వీ కొట్టి, ఎంటర్ నొక్కమంటుంది. అలా చేస్తే ఆ పేజీ రహస్యంగా కాపీ చేసి పెట్టిన ఆదేశాన్ని వాడుతున్నవారే స్వయంగా నడిపినట్టవుతుంది. ఇది పాపప్‌లతో ఆగదు, పాస్‌వర్డులు పోతాయి.

బ్రౌజరు బయట

అనుమతులన్నీ తీసేసినా హోమ్ పేజీ తనంతట తాను మారుతుంటే, గూగుల్‌లో వెతికితే ఇంకేదో సైటు తెరుచుకుంటుంటే, అప్పుడు యాడ్‌వేర్‌ను, అంటే ప్రకటనల కోసం కంప్యూటరులో చొరబడే ప్రోగ్రామును అనుమానించాలి. ఉచిత ప్లేయరు, పీడీఎఫ్ కన్వర్టరు లాంటివాటితో పాటు ‘నెక్స్ట్, నెక్స్ట్’ కొడుతుండగా ఇది లోపలికి దిగుతుంది. 2017లో చెక్ పాయింట్ సంస్థ బయటపెట్టిన ఫైర్‌బాల్ ఇలాంటిదే. ప్రపంచంలో 25 కోట్ల కంప్యూటర్లకు సోకిందనీ, అందులో 2.53 కోట్లతో భారతదేశమే ముందుందనీ ఆ సంస్థ లెక్కగట్టింది. ఆ లెక్క మరీ ఎక్కువని మైక్రోసాఫ్ట్ అభ్యంతరం చెప్పింది గానీ, ఉచిత సాఫ్ట్‌వేర్ వెంట తోకలా వచ్చిందన్న దానిలో పేచీ లేదు.

దీని జాడలు మూడు చోట్ల దొరుకుతాయి. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రాములను తేదీ వరుసలో పెడితే, బెడద మొదలైన రోజున ఎక్కినవి బయటపడతాయి. డెస్క్‌టాప్‌పై క్రోమ్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే, టార్గెట్ అన్న గడిలో వరుస క్రోమ్ ఫైలు పేరుతో ముగియాలి. ఆ తర్వాత ఖాళీ విడిచి ఏదైనా సైటు చిరునామా కనిపిస్తే దాన్ని చెరిపేయాలి. మూడోది, సొంత కంప్యూటరులో క్రోమ్ మెనూ అడుగున ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ అని ఉండటం. ఆఫీసు కంప్యూటరులో అది సహజం. ఇంటి కంప్యూటరులో కనిపిస్తే ఏదో ప్రోగ్రాము దొంగచాటుగా పెత్తనం చేస్తోందేమో చూడాలి. కొన్ని యాంటీవైరస్‌ల వల్ల కూడా ఆ మాట పడుతుంది. ఆ తర్వాత విండోస్‌లోనే ఉన్న డిఫెండర్‌తో పూర్తి స్కాన్ చేయాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో కూడా ఉచిత శుద్ధి సాధనాలున్నాయి. చివరగా బ్రౌజరు సెట్టింగ్స్‌లో ‘రీసెట్’ ఉంది. బుక్‌మార్కులు, దాచిన పాస్‌వర్డులు పోకుండా సెట్టింగులను మొదటి స్థితికి తెస్తుంది.

ఫోనులో బ్రౌజరు మూసి ఉన్నా, హోమ్ స్క్రీన్ మీదే నిండుగా ప్రకటన పడుతుంటే అది ఏదో యాప్ పని. ప్రకటన పడిన వెంటనే రీసెంట్ యాప్స్ బటన్ నొక్కితే ఏ యాప్ దాన్ని చూపించిందో చాలాసార్లు తెలిసిపోతుంది. సెట్టింగ్స్‌లో ‘డిస్‌ప్లే ఓవర్ అదర్ యాప్స్’ అనుమతి దేనికుందో కూడా చూడాలి. టార్చిలైటుకో, వాల్‌పేపరుకో ఆ హక్కు ఎందుకు? పీఎం కిసాన్, ఆర్టీవో చలాన్ పేర్లతో వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైళ్లు ఇంకా ప్రమాదం. అవి ప్రకటనలతో సరిపెట్టుకోవు, ఎస్సెమ్మెస్‌లు చదివి ఓటీపీలు లాగుతాయి.

ఇంట్లో ఫోన్లూ, ల్యాప్‌టాపూ, టీవీ అన్నిట్లోనూ ఒకేసారి ప్రకటనలు మొదలైతే రౌటరును పరీక్షించాలి. ఫోనులో వైఫై ఆపి మొబైల్ డేటాతో అదే సైటు తెరిస్తే మామూలుగా ఉందా, జవాబు దొరికినట్టే. రౌటరు పాస్‌వర్డు కొన్ననాటి ‘అడ్మిన్’గానే ఉండిపోతే బయటివాళ్లు దాని డీఎన్ఎస్ చిరునామాలు మార్చేసి, తెరిచిన సైట్లను తమ ప్రకటనల వైపు మళ్లించగలరు. వెనకనుండే చిన్న రంధ్రంలో గుండుసూది గుచ్చి రీసెట్ చేసి, కొత్త పాస్‌వర్డు పెట్టాలి. కనెక్షన్ వివరాలు మళ్లీ ఎక్కించడానికి కేబుల్ ఆపరేటరు సాయం అవసరం కావొచ్చు.

పాపప్ నమ్మి డబ్బు పంపినా, కార్డు వివరాలు ఇచ్చినా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు రాయాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటిపోకముందే ఆపడం ఈ ఏర్పాటు ఉద్దేశం కాబట్టి, కంప్యూటరు బాగుచేయించడం ఆ తర్వాతి సంగతి.

ఇవన్నీ చేశాక కూడా లొంగకపోతే అప్పుడు ఫార్మాట్. నెట్ సెంటర్‌లో దానికి ముందు వేలిముద్ర యంత్రం డ్రైవరు, దాని ఆర్‌డీ సర్వీసు, డిజిటల్ సంతకం టోకెన్ సాఫ్ట్‌వేర్, ప్రింటరు డ్రైవరు, అను ఫాంట్లు ఎక్కడి నుంచి మళ్లీ తెచ్చుకోవాలో చూసుకోవాలి. ఇంకొక్కటి చాలామంది మరిచిపోతారు. ఫార్మాట్ అయ్యాక అదే జీమెయిల్‌తో క్రోమ్‌లోకి లాగిన్ కాగానే, సింక్ పాత ఎక్స్‌టెన్షన్‌లన్నిటినీ పువ్వుల్లో పెట్టి తెచ్చి అప్పగిస్తుంది. చెడ్డది కూడా వాటితోనే వస్తుంది. కాబట్టి అనుమానమున్న ఎక్స్‌టెన్షన్‌ను ముందే తీసేసి, ఆ మార్పు సింక్‌కు చేరేదాకా కంప్యూటరును కాసేపు నెట్‌లో ఉంచి, ఆ తర్వాతే ఫార్మాట్‌కు ఇవ్వాలి.